లైను తెగినప్పుడు ఆట చెప్పిన మనిషి

రేడియో అంకుల్ పోయారన్న కబురు మా ఇంటికి ఖీరు గిన్నెతో పాటు వచ్చింది. మా మనవరాలు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిందని పై అంతస్తులో ఉండే హైదరాబాదు ఆంటీ చేసి తెచ్చింది. గిన్నె నా చేతిలో పెట్టింది గాని లోపలికి రాలేదు, పాప ఎలా ఉందని కూడా అడగలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. నేను ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ బస్సులో కండక్టరుగా చేసినవాణ్ణి. మనిషి నిలబడే తీరు చూస్తేనే నాకు అనుమానం వచ్చేస్తుంది. ఏమైందమ్మా అన్నాను.

"ఎట్ల చెప్పాల్నో తెల్వట్లేదన్నా. మీ ఇంట్ల ఖుషీ ఉంది. రేడియో అంకుల్ పొద్దుగాల పోయిండ్రు" అంది.

"ఎవరు చెప్పారు? మీరు చూశారా?" అని అడిగాను. అడిగాక గాని తెలియలేదు, అది నా మాట కాదు, ఆయన మాట. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ఆయన మొదట అడిగేది అదే. ఆ ఆంటీకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఏమీ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుని, చూశానన్నా అంది.

చదివేవాళ్ళకి ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను ఏడో తరగతితో చదువు ఆపేసినవాణ్ణి. మన తెలుగు సమాజం పత్రికలో పెద్దవాళ్ళు రాసినట్టు రాయడం నాకు రాదు. పైగా ఈ వారం నాకున్న సంతోషానికి అక్షరాలు కుదురుగా నిలబడటం లేదు. లిఫ్టులో ముక్కూ మొహం తెలియని చైనీస్ పెద్దాయనకి కూడా ఫోనులో పాప ఫొటో చూపించేశాను. ఆయన బొటనవేలెత్తి నవ్వాడు. ఆ పాప ముక్కు మా అమ్మది, నుదురు వాళ్ళ నాన్నది, కోపం మాత్రం అచ్చంగా మా ఆవిడది. అలాంటి బంగారు తల్లి ఈ భూమ్మీదకి రావడానికి దేవుడూ, కన్నవాళ్ళూ కాక ఇంకో కారణం కూడా ఉంది. అది రేడియో అంకుల్ గారి అనుమానం. అందుకే ఇది రాస్తున్నాను.

బ్లాకులో అందరికీ ఆయన రేడియో అంకుల్. నాకు మాత్రం అన్నగారు.

మేము సింగపూర్‌లో ఈ బుకిట్ పంజాంగ్ పేటకి వచ్చినప్పుడు ఐటీ మంచి జోరు మీద ఉంది. పొద్దున ట్రైను ఎక్కితే మెడలో కార్డులు వేసుకున్న మన పిల్లలే ఎక్కడ చూసినా. మా అమ్మాయి అప్పటికే ఇక్కడ స్థిరనివాసం సంపాదించుకుంది. ఫ్లాటు తీసుకుని మా ఇద్దర్నీ రప్పించింది. అమ్మాయి ఆఫీసుకి వెళ్ళిపోతే మాకు తోచేది కాదు. నేను సంచి పట్టుకుని కిందికి దిగేవాణ్ణి. మా బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా ఉంటుంది, వాయిడ్ డెక్ అంటారు. అక్కడ ఒక రాతి బల్ల. ఆ బల్ల దగ్గర నిక్కరు వేసుకున్న ఒక పెద్దాయన, పిడికిలి బిగించి నోటి దగ్గర పెట్టుకుని, రోజూ ఏదో గొణుగుతూ కనిపించేవాడు. నేను వస్తే గొణుగుడు. వెళ్తే గొణుగుడు. పిడికిట్లో ఏదో దాచి దానిలోకి మాట్లాడుతున్నాడని నాకు గట్టి అనుమానం. మా ఆవిడైతే, మనం ఎన్నాళ్ళుంటామో కనిపెట్టడానికి పెట్టిన ప్రభుత్వం మనిషి అని తేల్చేసింది.

ఒకరోజు తోటకూర కొనుక్కుని వస్తుంటే ఆ గొణుగుడు తెలుగులో వినబడింది. "కుడిసేతి పక్కనుంచి తెల్ల పంచె వస్తన్నాది. సేతిలో సంచి, సంచిలో తోటకూర. లిఫ్టు మూసుకుపోతన్నాది. అందుకుంటాడా, అందుకుంటాడా... అందుకోలేదు."

నిజంగానే లిఫ్టు మూసుకుపోయింది. నేను గిరుక్కున వెనక్కి తిరిగాను.

"తిరిగినావు! ఐతే తెలుగోడివే" అన్నాడాయన. "నీ నడక తెలుగోడి నడకలాగున్నాది గాని నమ్మకం సాల్లేదు. తెలుగులో సెప్పి సూసినాను. మకాన్ అయిందేటి తమ్ముడూ?"

మకాన్ అంటే మలయ్ భాషలో తిండి. ఆయన ముత్తాతలు మన సముద్రం ఒడ్డు నుంచి మలేషియా కొబ్బరి తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. ఆయన అక్కడే పుట్టి, కుర్రతనంలో ఉద్యోగం కోసం ఇటు దిగువకి వచ్చాడు. ఆ ముత్తాతల నాటి తెలుగు, మధ్యలో మలయ్, తమిళం కలిసి, ఆయన నోట్లో కొత్త ఊరగాయలా ఉండేది. నేను ఆయన్ని అనుమానిస్తున్నన్ని రోజులూ ఆయన నన్ను అనుమానిస్తున్నాడు. మా స్నేహం అలా మొదలైంది.

తాను రేడియోలో ఫుట్‌బాల్ ఆట చెప్పేవాణ్ణని ఆయన అన్నప్పుడు నేను తల ఊపాను గాని నమ్మలేదు. బస్సులో పాసు మర్చిపోయానని చెప్పేవాళ్ళు ఎంతమందిని చూశాను. ఇంటికి వచ్చి అమ్మాయిని ఇంటర్నెట్లో వెతకమన్నాను. ఎంత వెతికినా ఆయన పేరు లేదు, గొంతు లేదు. ఇంటర్నెట్లో లేనిది అసలు జరగనే లేదని అప్పట్లో మా ఇంట్లో అందరికీ పెద్ద నమ్మకం. మర్నాడు కొంచెం గడుసుగా, మీ గొంతు రికార్డు ఏదైనా ఉందా అన్నగారూ అని అడిగాను. ఆయనకి అర్థమైపోయింది. కోప్పడలేదు సరికదా, మెచ్చుకున్నట్టు చూశాడు. ఆటలు దాచేవాళ్ళు కాదట. టేపు ఖరీదైనది, ఒకవేళ రికార్డు చేసినా దాని మీదే మళ్ళీ పాటలు ఎక్కించేసేవాళ్ళట. "గాల్లో సెప్పినాను, గాల్లోనే పోనాది" అన్నాడు.

తర్వాత ఒకసారి తిండి దుకాణాల దగ్గరికి టీ కోసం వెళ్ళాం. అక్కడ టీ కలిపే ముసలి మలయ్ ఆయన, అన్నగారి వైపు చెయ్యి చూపించి నాకు ఇంగ్లీషూ సైగలూ కలిపి చెప్పాడు. ఈయన గోల్ అని అరిచిన అరుపుకి మా నాన్న చేతిలో కప్పు జారి పగిలిపోయింది అని.  ఇంకేం కావాలి రుజువు? బయటికి రాగానే అన్నగారు నా చెవిలో, వాడి మాట నమ్మేయకు, వాడి దగ్గర రోజూ టీ తాగేవాణ్ణి నేను అన్నాడు. తన గురించి ఎవరైనా మంచి చెప్పినా అనుమానించే మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఆయన చెప్పగా విన్నదే నాకు తెలిసిన చరిత్ర. ఆ రోజుల్లో సింగపూర్ జట్టు రెండు దేశాల మధ్య ఉన్న వంతెన దాటి మలేషియా రాష్ట్రాల జట్లతో ఆడేది. ఆట ఉన్న సాయంత్రం కాఫీ దుకాణాల్లో బల్లల మీద రేడియోలు, వాటి చుట్టూ జనం. టాక్సీలు రోడ్డు పక్కన ఆగిపోయేవి. మలయ్‌లో చెప్పినా చైనీస్ ముసలివాళ్ళూ, తమిళ కూలీలూ వినేవాళ్ళు, ఎందుకంటే గొంతు హెచ్చుతగ్గుల్లోనే ఆట ఎటు పోతోందో తెలిసిపోయేది. తర్వాత మన జట్టు ఆ పోటీల్లోంచి బయటికి వచ్చేసింది. ఇక్కడే పేటకొక జట్టు, జీతాలిచ్చి ఆడించేవి, పుట్టుకొచ్చాయి. రేడియోవాళ్ళు మొదట్లో ఆటంతా చెప్పించేవాళ్ళు. తర్వాత రెండో సగం మాత్రం. ఆ తర్వాత పాటల మధ్య స్కోరు. ఆ తర్వాత అదీ లేదు. జనం టీవీలో ఇంగ్లాండు ఆటలకి అలవాటు పడిపోయారు. అన్నగారు మాత్రం మా దగ్గర్లోని పేట జట్టు ఆటకి ప్రతిసారీ వెళ్ళి, గట్టు మీద కూర్చుని, పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని, ఎవరికీ వినబడకుండా మొదటి నుంచి చివరి దాకా చెప్పుకునేవాడు.

ఆయన చెప్పిన రెండు సంగతులు మీకు చెప్పకపోతే ఈ రాత దండగ.

మొదటిది లైను తెగిన సంగతి. అప్పుడాయన కుర్రవాడు. పెద్ద వ్యాఖ్యాత వంతెన అవతల దూరాన ఏదో ఊళ్ళో మైదానంలో కూర్చుని టెలిఫోను లైను మీద ఆట చెబుతున్నాడు. ఈయన ఇక్కడ స్టూడియోలో, మధ్యలో ప్రకటనలు చదవడానికి. అక్కడ గాలివాన వచ్చి లైను తెగిపోయింది. అద్దం అవతల నుంచి పై అధికారి, ఆపొద్దు, ఏదో ఒకటి చెప్పు అని చేతులు ఊపుతున్నాడు. చెప్పకపోతే ఊరంతా రేడియోలు చెడిపోయాయనుకుని వాటిని కొట్టుకుంటుంది. చెబుదామంటే ఏం జరుగుతోందో తెలియదు. అన్నగారు ఏం చేశాడో తెలుసా? బంతిని బయటికి కొట్టించాడు. "బంతి గీత దాటి బయటికి పోయింది. మనవాడు విసిరాడు. ఎదుటివాడి కాలికి తగిలి మళ్ళీ బయటికి పోయింది." ఒకడు బూటు లేసు కట్టుకున్నాడు. బంతి కంచె అవతల పడితే తేవడానికి వెళ్ళారు. ఒక కుక్క మైదానంలోకి వచ్చింది. అలా నెట్టుకొచ్చాడు. కానీ ఎవరి చేతా గోలు కొట్టించలేదు. ఎవరినీ పడగొట్టలేదు. లైను మళ్ళీ వచ్చేసరికి ఎదుటి జట్టు నిజంగానే గోలు కొట్టేసి ఉంది. ఆయన గొంతు సవరించుకుని శ్రోతలకి చెప్పేశాడు, ఇంతసేపూ నేను ఆట చూడలేదు, లైను తెగింది, ఇప్పుడు స్కోరు ఇదీ అని. ఆ మాట చెప్పినందుకు కొన్నాళ్ళు ఆయన్ని మైకు దగ్గరికి రానివ్వలేదు. మళ్ళీ ఎందుకు పిలిచారో ఆయనకీ తెలియదు. ఆ విషయంలోనూ ఆయనకి ఏవో అనుమానాలు ఉండేవి.

రెండోది జారిన గోలీ, అంటే గోలు కాసేవాడి, సంగతి. ఒక ఆటలో గోలీ తడి గడ్డి మీద జారి పడ్డాడు, బంతి లోపలికి వెళ్ళిపోయింది. అన్నగారు రేడియోలో, పాపం జారాడు అన్నాడు. కొన్నాళ్ళకి డబ్బు తీసుకుని ఆటలు ఓడిపోతున్నారని ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. ఆ గోలీ నిజంగా జారాడో, కావాలని జారాడో ఎవరూ తేల్చలేదు. ఆయన మాత్రం ఆ మాట మర్చిపోలేదు. "జారడం సూసినాను తమ్ముడూ. ఎందుకు జారినాడో సూడలేదు. ఆ పాపం అన్న మాట నాను కలిపినాను" అనేవాడు. అప్పటి నుంచి ఆయన దేనికీ పాపం అనడం మానేశాడు. పాల ప్యాకెట్టు మీద తేదీ చదివి, మూత తీసి వాసన చూసి, అప్పటికీ నమ్మకం లేక రెండు చుక్కలు చేతిలో వేసుకుని నాకేవాడు.

ఇక మా అమ్మాయి పెళ్ళి సంగతి.

సంబంధం తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది. అబ్బాయిది కర్నూలు వైపు. వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో ఏదో కొత్త కంపెనీలో ఉద్యోగం. యూ టీ అనే పేటలో స్నేహితులతో ఫ్లాటు పంచుకుని ఉంటున్నాడు. మనిషి చక్కగా, ఒద్దికగా ఉన్నాడు. అమ్మాయి ముఖం చూస్తేనే తెలిసిపోతోంది ఆమెకి నచ్చాడని. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఊరికి ఫోను చేసి మా తమ్ముడితో ముహూర్తాలు చూడమని చెప్పేశాను. ఒక ఆదివారం అబ్బాయిని భోజనానికి పిలిచి, అన్నగారిని కూడా రమ్మన్నాను.

భోజనాల దగ్గర ఆఫీసు ఎలా ఉంది బాబూ అని అడిగాను. అక్కడ కొత్తగా పెద్ద పెద్ద భవనాలు కడుతున్నారు మామా అన్నాడు. పని ఎక్కువా అన్నాను. ఈ ఊళ్ళో ఎండకి నడవడమే పెద్ద పని అని నవ్వాడు. మీ కంపెనీలో ఎంతమంది ఉంటారని మా ఆవిడ అడిగితే, పప్పు చాలా బాగుంది అత్తా, కొంచెం వేస్తారా అన్నాడు. ఇంతలో అతని చూపు కిటికీ వైపు వెళ్ళింది.  మా బస్సులో టికెట్టు లేనివాడు నేను దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా అలాగే కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అబ్బాయి వెళ్ళాక నేను అన్నగారితో కలిసి కిందికి దిగాను. రాతి బల్ల దగ్గర కూర్చున్నాం.

"గమనించినావా తమ్ముడూ? బంతి బయటికి కొడతన్నాడు" అన్నాడాయన. "పప్పు, ఎండ, బిల్డింగులు, అన్నీ త్రో-ఇన్‌లే. వీడికి లైను తెగింది. నాను సేసిన పని నాకు తెల్దేటి?"

ఉద్యోగం పోయిందనా మీ అనుమానం అన్నాను. ఆయన అవునని అనలేదు. చూడలేదు కదా.

నా బుర్ర ఇంకా దూరం పోయింది. ఆ రోజుల్లో కంపెనీలు ఎంత జోరుగా తెరుచుకునేవో అంత జోరుగా మూతపడేవి. ఇక్కడ ఉద్యోగం పోతే ఉండనిచ్చే పాసు పోతుంది, పాసు పోతే దేశం వదిలి వెళ్ళాలి. మా అమ్మాయికి స్థిరనివాసం ఉంది. పెళ్ళి చేసుకుంటే ఆ పేరుతో ఇక్కడే ఉండిపోవచ్చని వీడి ఎత్తేమో! ఆ అనుమానం పుట్టాక నాకు అన్నం సయించలేదు. సంబంధం వద్దని చెప్పేద్దామంటే అమ్మాయి ముఖం గుర్తొస్తుంది. అవునందామంటే ఆ కిటికీ చూపు గుర్తొస్తుంది. అక్కడ తమ్ముడు ముహూర్తం పెట్టించేశాడు. నాకు కావలసింది ఒకటే, ఈ అబ్బాయి అబద్ధం ఆడేవాడా కాడా అన్నది తేలాలి. పిల్లని తీసుకెళ్ళి అబద్ధం చేతిలో ఎలా పెడతాను?

నిలదీసి అడిగేస్తానన్నాను. అన్నగారు వద్దన్నాడు. నిలదీస్తే ఎవడైనా చెబుతాడు, అందులో తెలిసేదేమీ ఉండదు, ఆటకి పిలువు అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం ముగ్గురం స్టేడియంకి వెళ్ళాం. గట్టు మీద జనం పల్చగా ఉన్నారు. ఒక పక్క డప్పు కొట్టే కుర్రాళ్ళు, ఇంకో పక్క పిల్లల్ని తెచ్చుకున్న తండ్రులు. నాకు ఫుట్‌బాల్ గురించి తెలిసింది సున్నా. అన్నగారు మొదటి సగమంతా నాకు చెప్పుకొచ్చాడు, నాకు వినబడేలా తెలుగులో, ఎడమ చేతి పక్క, కుడి చేతి పక్క అని మైదానాన్ని రెండుగా పంచి. రెండో సగం మొదలయ్యాక, కడుపులో బాగాలేదు, బాత్రూముకి ఎల్లొస్తాను, మీ మావకి ఆట సెప్పు బాబూ అని లేచి వెళ్ళిపోయాడు.

అబ్బాయి పాపం... చూడండి, నేను పాపం అనేశాను. అబ్బాయి తడబడుతూనే మొదలుపెట్టాడు. ఎర్ర చొక్కావాడు పరిగెత్తుతున్నాడు మామా, బంతి అటు ఇచ్చాడు, ఇటు ఇచ్చాడు అంటూ కొంచెం కొంచెంగా ఊపందుకున్నాడు. ఇంతలో ఇక్కడ పడే వాన ఉంది చూశారూ, ఎవరో పైనుంచి బిందెలు కుమ్మరించినట్టు, అలా దిగింది. ఆట ఆగలేదు. మాకు దగ్గరగా ఉన్న గోలు తప్ప అవతలి గోలు కనబడటం మానేసింది. తెల్లటి తెర కట్టినట్టు అయిపోయింది. ఆ తెర వెనక నుంచి ఒక్కసారిగా జనం హోరెత్తారు.

గోలా అన్నాను. అబ్బాయి కళ్ళు చిట్లించి చూశాడు.

"నాకు కనపడలేదు మామా" అన్నాడు.

"అంత అరుస్తున్నారుగా, గోలే అయ్యుంటుంది. చెప్పు పర్లేదు."

"అరిచినారు. అది చెప్తాను. ఏమైందో మాత్రం నేను చూడలేదు."

నేను ఊరుకోలేదు. ఊహించి చెప్పవయ్యా, నాకు ఆట తెలియదుగా, ఏం చెప్పినా నమ్ముతాను అన్నాను. అతను నా వైపు తిరిగాడు. వానకి ముఖమంతా తడిసిపోయి ఉంది. కిటికీ వైపు చూసే చూపు కాదది.

"మామా, నాకు ఉద్యోగం లేదు" అన్నాడు. "మా కంపెనీ మూసేసినారు. ఇంకో చోట ఇంటర్వ్యూలు అయినాయి, కబురు రాలేదు. అది వచ్చినాక చెప్దామని ఆగినాను. ఇప్పుడు చెప్తే పాసు కోసం పెళ్ళంటున్నాడని అనుకుంటారని భయమేసింది. ఉద్యోగం దొరికేదాకా ముహూర్తం పెట్టొద్దండి. దొరకకపోతే నేను వెళ్ళిపోతాను, మీ పిల్లని అడగను."

 మా అమ్మాయికి తెలుసా అని అడిగాను. ఈ పొద్దున చెప్పానన్నాడు. అక్కడ కూడా నాకు అనుమానం వదల్లేదు, చూశారా. వాడి ఎదురుగానే అమ్మాయికి ఫోను చేశాను. "అవును నాన్నా, చెప్పాడు. మీకు తనే చెప్తానన్నాడు, నన్ను చెప్పొద్దన్నాడు లా. అందుకే ఆగాను" అంది. ఇక్కడ ఉండి ఉండి, ఇక్కడివాళ్ళలా మాట చివర ఆ లా ఒకటి పట్టుకుంది దానికి.

వెనక స్తంభం చాటు నుంచి దగ్గు వినబడింది. అన్నగారు బాత్రూముకి వెళ్ళనే లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు. వాన తెర వైపు చూస్తూ నాతో అన్న మాట ఇది.

"నాను లైను వొచ్చినాక సెప్పినాను తమ్ముడూ. ఈడు లైను రాకముందే సెప్పినాడు."

అంతే. పిల్లనివ్వు అని గాని, మంచివాడు అని గాని ఆయన అనలేదు. అన్నట్టు, ఆ హోరు గోలు కాదట. బంతి గోలు కర్రకి తగిలి పైకి పోయిందట. వాన వెలిశాక పక్కనున్నవాళ్ళు చెప్పారు. ఆ రోజు అసలు ఎవరూ గోలు కొట్టలేదు.

నేను ఊరికి ఫోను చేసి ముహూర్తం వాయిదా వేయించాను. మా తమ్ముడు నన్ను ఎన్ని తిట్టాలో అన్నీ తిట్టాడు. పాసు గడువు ఇంకా ఉండగానే అబ్బాయికి వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ కబురు అతను నాకు ఫోనులో చెబుతుంటే అన్నగారు పక్కనుంచి, నియామకం కాయితం కళ్ళతో సూసినావేటి అని అడగమన్నాడు. అల్లుడు ఆ సాయంత్రమే యూ టీ నుంచి కాయితం పట్టుకుని వచ్చేశాడు. పెళ్ళిలో ఆయన ముందు వరసలో కూర్చుని పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని మొత్తం చెప్పుకున్నాడు. తాళి కట్టేటప్పుడు మాత్రం పిడికిలి దించేశాడని మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

ఆయనకి జబ్బు చేసి ఆసుపత్రిలో చేరినప్పుడు మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి. డాక్టర్లు చెప్పేది నమ్మడం లేదని వాళ్ళబ్బాయి తల పట్టుకునేవాడు. పాప పుట్టిన రోజు ఆయనకి ఫోను చేశాను. నేను సంతోషంలో మొదటి నుంచీ మొదలుపెట్టాను, పొద్దున్న నొప్పులు రావడం, టాక్సీ దొరకకపోవడం, అల్లుడు చెప్పులు మర్చిపోయి రావడం. ఆయన ఆపేశాడు. రేడియో ఇప్పుడే పెట్టినవాడికి ముందు స్కోరు చెప్పాలని ఆయన ఎన్నోసార్లు అనేవాడు.

"ముందు స్కోరు సెప్పు" అన్నాడు.

"ఆడపిల్ల అన్నగారూ. తల్లీ బిడ్డా క్షేమం."

"నువ్వు సూసినావా?"

"ఈ కళ్ళతో చూశాను."

"ఐతే గోలే" అన్నాడు. గొంతు బలహీనంగా ఉంది గాని, టీ దుకాణం ఆయన చెప్పిన ఆ అరుపు నాకు అందులో వినబడింది. ఆ కప్పు పగిలిన సంగతి నేను అప్పుడు పూర్తిగా నమ్మాను. మళ్ళీ మేము మాట్లాడుకోలేదు.

ఆయన్ని కిందికే తీసుకొచ్చారు. ఆ రాతి బల్ల పక్కనే షామియానా వేసి పడుకోబెట్టారు. పురిటి మైలలో ఉన్నవాళ్ళం చావు దగ్గరికి వెళ్ళకూడదని మా ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఒకే లిఫ్టు, ఒకే గాలి, ఇక్కడ మైలేమిటే అన్నాను. వినలేదు. అల్లుణ్ణి కూడా పంపలేదు. అల్లుడు లోపల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చాలాసేపటికి ఎర్రటి కళ్ళతో వచ్చి పాపని నా చేతిలో పెట్టాడు.

నేను పాపని ఎత్తుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి కింద రోడ్డు కనిపిస్తుంది. పాప కళ్ళు సగం తెరిచి చూస్తోంది. నాకు తెలియకుండానే చిన్నగా మొదలుపెట్టాను. ముందు స్కోరు చెప్పాను, మీ రేడియో తాతయ్య పోయారమ్మా అని. ఆ తర్వాత మిగిలింది. ఎడమ చేతి పక్కనుంచి తెల్ల వ్యాను వచ్చింది. వెనక తలుపు తెరిచారు. పూలదండలు చాలా ఉన్నాయి. తమిళవాళ్ళు, మలయ్‌వాళ్ళు, ఆ లిఫ్టులో చైనీస్ పెద్దాయన కూడా ఉన్నాడు. టీ కలిపే ఆయన టోపీ సరిచేసుకుని ఒక పక్కన నిలబడ్డాడు. పై ఆంటీ కళ్ళు తుడుచుకుంటోంది. వ్యాను కదిలింది. పైన రైలు పట్టాల వంతెన కిందుగా వెళ్తోంది. కుడి చేతి పక్కకి తిరుగుతోంది. పెద్ద బస్సు ఒకటి అడ్డం వచ్చింది.

బస్సు వెళ్ళిపోయాక రోడ్డు ఖాళీగా ఉంది.

"ఇక్కణ్ణించి నాకు కనబడటం లేదు తల్లీ" అన్నాను.

పాప పిడికిలి బిగించి నోటి దగ్గర పెట్టుకుంది.